నేస్తాన్ని భోజనానికి పిలిచిన రోజు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

మా ఇంట్లో ఏ పాత సంగతి కావాలన్నా నన్నే అడుగుతారు. ఎవరి పెళ్ళికి ఎవరు అలిగారు, ఏ వానకి ఏ గట్టు తెగింది, ఏ ఆవు ఎవరింటి నుంచి వచ్చింది, అన్నీ నాకు గుర్తే. అడిగినవన్నీ చెప్పాను. ఈ ఒక్కటీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నా చిన్నకూతురు చంక దిగి నడవడం నేర్చుకున్న రోజుల నుంచి, ఇప్పుడు అది తన బిడ్డను చంకనేసుకున్న రోజుల దాకా, ఈ బరువు నాలోనే ఉంది. అన్నం తింటుంటే ఉంది. నవ్వుతుంటే ఉంది. బరువు అలవాటైపోతుందంటారు. అలవాటైంది. తగ్గలేదు.

ఐదో తరగతితో నా చదువు అయిపోయింది. రాయడం నాకు చేతకాదు. అయినా ముందు రాసుకుని, రాసింది రాసినట్టే మీకు చదువుతున్నాను, ఎందుకంటే ఊరికే నోటితో చెబితే దీన్ని కూడా ఒక మంచి కథలా చెప్పేస్తానని నాకు భయం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వినేవాళ్ళకి నామీద జాలి పుట్టించాలో నా నోటికి తెలుసు. నా చేతికి ఆ తెలివి లేదు. అందుకని చేతినే నమ్ముకున్నాను.

ముందు నేస్తం గురించి చెప్పాలి.

మా వైపు నేస్తం కట్టడమని ఒకటి ఉంది. నర్సీపట్నం నుంచి గొలుగొండ మీదుగా కొండలవైపు వెళ్ళేకొద్దీ ఇంకా గట్టిగా ఉంటుంది. వేరు కులాలు, వేరు ఊళ్ళు, ఒకరు పల్లం, ఒకరు కొండ. అయినా ఇద్దరికి మనసు కలిస్తే పెద్దల ఎదుట ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుని నేస్తాలవుతారు. ఆ తరువాత పేరు పెట్టి పిలుచుకోరు. నేస్తం అనే పిలుస్తారు. ఇక్కడ నేను ఆమె పేరు రాయకపోవడం అందుకే. మా నాన్న కొండ సంతలో ఉప్పు, ఎండుచేపలు అమ్మేవాడు. నేను ఆయన వెంట వెళ్ళి మూట మీద కూర్చునేదాన్ని. పక్కనే చింతపండు, అడ్డాకులు పెట్టుకుని నా ఈడు పిల్ల ఒకతె కూర్చునేది. నేను ఎండుచేప ఒకటి ఇస్తే తను నాకు ఉసిరికాయలు ఒడిలో పోసేది. ఇద్దరం తిన్నదానికంటే నవ్విందే ఎక్కువ. మా నాన్నా, వాళ్ళ నాన్నా చూసి చూసి నేస్తం కట్టేశారు.

నేస్తరికం మాటలతో ఉండదు. ఇంటికీ ఇంటికీ ఉంటుంది. ఒక ఇంటి నుంచి భోజనానికి పిలుపు వస్తే రెండో ఇల్లు తలుపు దగ్గరగా వేసి, ముసలీ ముతకా అందరూ కదలాలి. ఒక్కరు మిగిలిపోయినా పిలిచినవాళ్ళకు చిన్నతనం. పిలుపును కాదనడం మా వైపు ఎవరూ ఎరగరు.

ఇది గుర్తుంచుకోండి. నేను చేసిన తప్పు దీనితోనే చేశాను.

నేస్తం అత్తవారి ఊరు మా ఊరికి పైన, కొండ మొదలయ్యే చోట. వాళ్ళ ఇంటి వెనక ఒక కొండవాలు ఉంది. దానికి కాగితం లేదు. తాతల నుంచి దున్నుకుని, తవ్వుకుని తింటున్న నేల, అంతే. వానల్లో చోడి, సామలు, కందులు చల్లేవాళ్ళు. ఆ గింజలు సంవత్సరమంతా రావు. ఎండలు ముదిరేసరికి గాదె అడుగు కనిపిస్తుంది. అప్పటి నుంచి కొత్త చోడి కోతకు వచ్చేదాకా ఆ ఇంటిని బతికించేది దుంపలు. అడవి దుంపలు. వానల్లో తీగ పచ్చగా పొదల మీదికి పాకుతుంది. ఎండల్లో ఆకు రాలి, తీగ తాడులా ఎండి, పొదకు చుట్టుకుని ఉండిపోతుంది. తెలిసినవాళ్ళు ఆ ఎండు తీగను పట్టుకుని కిందికి వెళ్ళి గునపంతో తవ్వుతారు. కొన్ని కాల్చుకుని తినేవి, కొన్ని ఉడకబెట్టి గెడ్డ నీళ్ళలో, అంటే కొండవాగులో, నానబెట్టి చేదు పోయాక తినేవి. నేస్తం అత్త రోజూ పొద్దున్నే ఆ వాలు మీదికి చేరి, కూర్చున్న చోటునుంచి కూర్చున్న చోటికి జరుగుతూ తవ్వేది. తెలియనివాళ్ళు ఎండల్లో ఆ వాలును చూస్తే ఏం కనిపిస్తుంది? రాళ్ళు, ముళ్ళపొదలు, ఎండిన తాళ్ళు.

నాకు తెలుసు. నేస్తం నాకు చిన్నప్పుడే నేర్పింది. తవ్విన మొదటి దుంప పెద్దదైతే నా వాటా అని తీసి ఉంచి సంతకి తెచ్చేది.

ఇప్పుడు ఆ రోజుల్లో మా వైపు వచ్చిన నూనె చెట్ల పథకం సంగతి. దాన్ని నేను తిట్టను. ఎన్నో దేశాలవాళ్ళు ఒకచోట కూర్చుని ఆలోచించారట. బళ్ళకూ ఇంజన్లకూ కావలసిన నూనెను చెట్ల గింజల నుంచి తీయాలని, ఆ చెట్లు పల్లెల్లో పెంచి పల్లెవాళ్ళకు పని ఇవ్వాలని, కానీ దానికోసం ఎవరి కంచంలోనూ ముద్ద తగ్గకూడదని. అందుకే ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరూ తినని నేలలోనే ఆ చెట్లు వెయ్యాలి. ఆ సంగతి ఊళ్ళోకి వచ్చి, నేల చూసి, మనుషులను అడిగి తేల్చుకోవాలి. ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? మనసుపెట్టి ఆలోచించినవాళ్ళ మాట అది. దాన్ని నేను చెడగొట్టాను.

అప్పుడు నేను మా ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలిని. నర్సీపట్నంలో ఆ పథకం చూసే బాబు ఒకాయన మా సంఘాన్ని పిలిచి చెప్పాడు. అడవి ఆముదం మొక్కలు పెంచే నర్సరీ మీ ఊళ్ళో పెడతాం, పని మీ ఆడవాళ్ళకే, తరువాత నూనె ఆడించే షెడ్డు కూడా వస్తుంది, కానీ మొక్కలు నాటడానికి దగ్గరలో నేల ఉండాలి, లేకపోతే రోలుగుంట వైపు వెళ్ళిపోతుంది అన్నాడు. దగ్గరలో, గెడ్డ పక్కన, దారి ఉన్న నేల ఒక్కటే. నేస్తం వాళ్ళ వాలు.

బాబు నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఆ నిజం కూడా చెప్పాలి కదా. "దేశాలవాళ్ళు చూడడానికి వచ్చిన రోజు అక్కడ ఎవరైనా తవ్వుకుంటూ కనిపిస్తే వాళ్ళు వేరే చోటు చూసుకుంటారమ్మా" అన్నాడంతే. కాగితాలు సర్దుకుంటూ అన్నాడు. ఆ మాటకు అర్థం వెతుక్కుని, దానికి ఉపాయం అల్లుకున్నది నేను. బస్సులో ఇంటికి వచ్చేలోపు అల్లేశాను.

ఎందుకు చేశానని నన్ను నేను ఎన్నిసార్లో అడిగాను. ఆకలితోనా? కాదు. మాకు కొంచెం వరి, కొంచెం చెరకు ఉండేవి. ఎవరైనా బెదిరించారా? లేదు. మా వీధి ఆడవాళ్ళు చెరకు నరుకుడికి వెళ్ళి చేతులు కోసుకుని వచ్చేవాళ్ళు, నీడపట్టున మొక్కల పని దొరికితే బాగుంటుందనుకున్నాను. ఇది అబద్ధం కాదు. చాలా ఏళ్ళు ఈ మాటే నాకు నేను చెప్పుకున్నాను. కానీ దీని వెనక ఇంకొకటి ఉంది. నేను నోరు తెరిస్తే సంఘంలో అందరూ మాటలు ఆపి నావైపు తిరిగేవాళ్ళు. నేను ఆ రుచి మరిగాను. నర్సరీ మా ఊరికి నా వల్ల వచ్చిందని అనిపించుకోవాలి. ఆ ఒక్క మాట కోసం ఇంకొకరి పొయ్యి ఆర్పానా? అవును. అంత చిన్నదానికే.

దేశాలవాళ్ళు వచ్చే రోజు తెలిసింది. రెండు రోజుల ముందు కొండెక్కి నేస్తం ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చింతపండు పిక్క తీస్తోంది.

"ఎల్లుండి మా ఇంట్లో బోజనాలు. అందరూ రావాల" అన్నాను.

"ఏటి ఇసేసం?"

"ఇసేసం ఉంటేనే తినాలేటి?"

"తింటాం గానీ నేస్తం, మా అత్త దిగలేదు. మోకాళ్ళు లెగనీడం లేదు. అది ఆ వాలు కాడికి జరిగెల్లడమే గొప్ప."

ఆ వాలు మీద నాకు ఎవరు ఉండకూడదో ఆ మనిషే ఇంటి దగ్గర ఉండిపోతుందట. నేను నేస్తం చెయ్యి పట్టుకున్నాను. "ముసలమ్మ రాకపోతే నా పిలుపు పిలుపే కాదు. మోసుకునైనా తీసుకురండి" అన్నాను. నేస్తం కళ్ళు తడి అయ్యాయి. తన అత్తను అంత గౌరవంగా పిలిచినవాళ్ళు లేరనుకుంది.

ఆ రోజు పొద్దున్నే వాళ్ళు వచ్చారు. నేస్తం మొగుడు తల్లిని వీపున మోసుకుని కొండ దిగాడు. వాళ్ళను మా అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పొయ్యి మీద కోడికూర మా అత్తకు అప్పచెప్పి, "బేంకులో సంతకం ఉంది, బేగి వచ్చేస్తాను" అని నేను బయటపడ్డాను. ఊరి చివర జీపు ఆగి ఉంది.

వాలు మీద నలుగురైదుగురం నిలబడ్డాం. వచ్చినవాళ్ళలో పెద్దావిడ ఒకతె, తెల్లటి మనిషి, నెత్తిన గుడ్డ టోపీ. పక్కన విశాఖపట్నం నుంచి వచ్చిన అమ్మాయి ఆమె మాటలు తెలుగులో చెబుతోంది. ఆ పెద్దావిడ ఊరికే చూసి పోయే రకం కాదు. ఒంగి మట్టి చేతిలోకి తీసుకుంది. నలిపింది. వాలు పైదాకా చూసింది. తరువాత నావైపు తిరిగి అడిగింది.

"ఈ నేల నుంచి ఎవరైనా, ఎప్పుడైనా తింటారా అని అడుగుతున్నారండీ" అంది అమ్మాయి.

"లేదమ్మా" అన్నాను.

ఆవిడ మళ్ళీ ఏదో అంది. అమ్మాయి చెప్పింది: "వానల్లో కాకపోయినా, కరువు రోజుల్లోనైనా, ఆకు గానీ, కాయ గానీ, దుంప గానీ."

దుంప అనే మాట ఆవిడే అడిగింది. నాకు తోవ చూపించినట్టే అడిగింది. నా పక్కనున్న పొదకు ఒక ఎండు తీగ చుట్టుకుని ఉంది. దాని మొదలు నా కాలి దగ్గరే నేలలోకి దిగింది. నేను జరిగి, దాని మీద కాలు పెట్టి నిలబడ్డాను. చెప్పు కింద అది చిటుక్కుమంది.

"రాళ్ళు తప్ప ఏటీ లేదమ్మా ఇక్కడ" అన్నాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. నేను సంఘం పెద్దను కాబట్టి నా మాట ఆవిడకు చాలా ముఖ్యమని, నమ్ముతున్నారని అమ్మాయి చెప్పింది. ఆవిడ చేతులకు ఇంకా ఆ మట్టి ఉంది. కాస్త నా చేతులకు అంటింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చేతులు కడుక్కుని నేనే వడ్డించాను. అడ్డాకు విస్తళ్ళు వేసి అన్నం, పప్పు, కోడికూర, బెల్లం పరమాన్నం. వాళ్ళు అంతా ఒక వరసలో కూర్చున్నారు. పిల్లలు ముక్కల కోసం ఒకరి విస్తరిలోకి ఒకరు చూసుకుంటున్నారు. ముసలమ్మ పరమాన్నం రెండోసారి వేయించుకుంది. నేను నేస్తం ముందు ఒంగి కూర వేస్తున్నాను. ఆమె నా చీర అంచు పట్టుకుంది.

అంచు నిండా ఉత్తరేణి గింజలు. ఎండల్లో ఆ మొక్క పక్కనుంచి నడిస్తే చాలు, ముళ్ళలా గుచ్చుకుని వదలవు. నేస్తం ఎడమ చేత్తో ఒక్కొక్కటే ఏరసాగింది.

"ఎక్కడికెల్లినావు నేస్తం?" అంది.

"సెప్పినాను కదా. బేంకుకి."

"బేంకుకెల్లే తోవలో ఉత్తరేణి బలేగా పెరిగినట్టుంది."

"అడ్డదారిని వచ్చాను. మీరు ఆకలితో ఉంటారని."

"మేం ఆకలికి బయపడతామేటి" అని నవ్వింది. "మీ పల్లపోళ్ళు బయపడాల. కూర ఇంకాస్త ఎయ్యి, మా అత్త నీ పరమాన్నానికి కూతుర్నిచ్చేసేలా ఉంది."

అందరూ నవ్వారు. ముసలమ్మ కూడా పళ్ళు లేని నోటితో నవ్వి, "ఉంటే ఇచ్చేద్దును" అంది. నేనూ నవ్వాను. నేస్తం ఏరిన గింజలు తన విస్తరి పక్కన కుప్ప పెట్టింది. అన్నం తిన్నాక వాటిని కూడా విస్తరిలోనే వేసి మడిచి పారేసింది.

ఆమెకు ఆ రోజే అనుమానం వచ్చిందా? వచ్చినా నేస్తాన్ని అడగకూడదని ఊరుకుందా? లేక అది వట్టి సరదా మాటేనా? ఈ ముక్క దగ్గర నా జ్ఞాపకం తిరిగి తిరిగి ఆగుతుంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఏమీ తేల్చుకోలేను.

తొలకరికి పనులు మొదలయ్యాయి. వాలు చుట్టూ ముళ్ళకంచె వేశారు. గోతులు తవ్వుతుంటే గడ్డపారల కింద దుంపలు ముక్కలు ముక్కలుగా పైకి వచ్చాయి. కూలీలు వాటిని పక్కకు విసిరేశారు. మా ఆడవాళ్ళు నర్సరీలో మొక్కలు మోసుకొచ్చి నాటారు. నేను అందరికీ టీ పోయించాను.

నేస్తం పరుగున మా ఇంటికి వచ్చింది. "అది ఎవరికీ పనికిరాని బూమంట నేస్తం. ఆఫీసోళ్ళు అంటన్నారు. నీకు ఆ బాబు తెలుసు కదా, ఒక మాట సెప్పు" అంది.

చెప్పడానికి వెళ్ళాను. అవును, ఆమెను వెంటబెట్టుకుని నర్సీపట్నం వెళ్ళాను. ఆ బాబు ముందు నిలబడి, "వీళ్ళ నోటికాడ కూడు బాబూ, కాస్త చూడండి" అని బతిమాలాను. అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. ఆ అబద్ధం మీద నేనే ఏడుపు గొంతుతో మాట్లాడడం ఇంకో ఎత్తు. బాబు నా ముఖం చూశాడు. చూపు దించుకుని, "మీ వైపువాళ్ళే చెప్పారమ్మా, ఎవరూ తినరని. ఇప్పుడు మా చేతుల్లో లేదు" అన్నాడు. నా పేరు చెప్పలేదు. బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాం.

"సూడనోడెవడో సెప్పుంటాడు నేస్తం" అంది ఆమె. "సూసినోడైతే అలగ సెప్పడు."

నేను రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ వానల్లో ముసలమ్మ పోయింది. జ్వరమన్నారు. జ్వరమే కావచ్చు. వయసు కూడా ఉంది. ఆకలి వల్లే పోయిందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేదు. కానీ ఉత్త జ్వరమే అని చెప్పే హక్కు కూడా నాకు లేదు. ఆ ఇంట్లో ఆ నెలల్లో అంబలి ఎంత పల్చగా ఉండేదో నేను వెళ్ళి చూడలేదు. చూడకుండా ఉండడానికి నాకు రోజుకో పని దొరికేది. తవ్వడానికి వాలు లేక ముసలమ్మ వాకిట్లోనే కూర్చుని కంచెవైపు చూసేదని తరువాత విన్నాను.

ఆ అడవి ఆముదం అనుకున్నట్టు కాయలేదు. కాసిన నాలుగు కాయలూ కోత కూలికి సరిపోలేదు. నూనె షెడ్డు గోడల దాకా లేచి ఆగిపోయింది. బాబు బదిలీ అయి వెళ్ళాడు. దేశాలవాళ్ళు మళ్ళీ రాలేదు. కంచె మాత్రం ఉండిపోయింది, ఆ మొక్కలు ఉండిపోయాయి. పశువులు కూడా ముట్టవు వాటిని. నేస్తమూ, మొగుడూ కొండ దిగి, నర్సీపట్నం దగ్గర జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనికి కుదిరారు. జీడి నూనెకు వేళ్ళు నల్లబడి తోలు లేచిపోతుంది. ఆ చేతులతోనే నేస్తం పండగకు మా ఇంటికి వచ్చి, నా పిల్లల తల నిమిరి వెళ్ళేది. నాకు చెప్పాలనిపించేది. ఇవాళ కాదు, పండగ పూట ఎందుకు అనుకునేదాన్ని. పండగ కాని రోజు ఆమె వచ్చేది కాదు.

చెప్పకపోతే ఏమవుతుంది, అయిపోయింది కదా అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. అయిపోలేదని ఈమధ్యే తెలిసింది.

ఇప్పుడు కొత్తగా గ్యాసు పథకం వచ్చింది. బంజరు నేలల్లో ఏపుగా పెరిగే గడ్డి వేసి, దాన్ని కుళ్ళబెట్టి గ్యాసు తీస్తారట. ఇదీ దేశాలన్నీ కలిసి అనుకున్నదేనట. నియమమూ అదే, తిండి పెట్టే నేల జోలికి వెళ్ళకూడదని. నర్సీపట్నంలో మీటింగు పెట్టి చుట్టుపక్కల ఊళ్ళ పెద్దవాళ్ళను పిలిచారు. మా ఊరి నుంచి నేనూ వెళ్ళాను. అక్కడి ఆఫీసరు ఒక్కొక్క నేల పేరు చదువుతూ, ఆ వాలు దగ్గరికి వచ్చాడు.

"దీన్ని మళ్ళీ అడగక్కర్లేదు" అన్నాడు. "అప్పట్లో విదేశాలవాళ్ళే వచ్చి చూసి వెళ్ళారు. ఎవరూ తినని నేల అని ఎప్పుడో తేలిపోయింది."

ఎప్పుడో నేను అన్న మాట ఇంకా బతికి ఉంది. నా తల నెరిసింది, మా అత్త పోయింది, ఆ ముసలమ్మ పోయింది. ఆ మాట మాత్రం మొన్న పుట్టినట్టు నిలబడి పని చేస్తోంది. పైగా ఆ వాలు పై అంచున అడవి ఆముదం చచ్చిపోయిన చోట తీగలు మళ్ళీ లేస్తున్నాయి. కంచె పడిపోయిన దగ్గర నేస్తం కొడుకు వానల్లో చోడి చల్లుకుంటున్నాడు. షెడ్డు పని మాన్పించి, అమ్మనూ నాన్ననూ మళ్ళీ కొండకు తీసుకెళ్ళాలని వాడి ఆశ. ఇప్పుడు గడ్డి వేస్తే అదీ పోతుంది. ఈసారి నేను నోరు తెరవనక్కరలేదు. ఊరుకుంటే చాలు.

లేచాను.

"ఆ నేల మీద తింటారండి" అన్నాను. "అప్పుడూ తిన్నారు. ఇప్పుడూ తింటన్నారు. ఎండు తీగల కింద దుంపలుంటాయి."

అక్కడ రాసుకుంటున్న అమ్మాయి తలెత్తింది. "మరి అప్పుడు లేదని చెప్పినదెవరమ్మా?"

"నేనేనండి."

"తెలియక చెప్పారా?"

తెలియక అనేస్తే సరిపోయేది. ఆ అమ్మాయి మంచి మనసుతో నాకు ఒక దారి ఇచ్చింది. "తెలిసే సెప్పాను" అన్నాను.

గది అంతా నావైపు తిరిగింది. ఒకప్పుడు నేను కోరుకున్నది అదే. మా ఊరామె ఒకతె, నాకంటే చిన్నది, పక్కనుంచి అంది: "నీ రోజుల్లో నువ్వు పేరు సంపాదించేసుకున్నావు. మాకు పని దొరికే ఏలకి నిజం గుర్తొచ్చిందా అప్పా?" ఆమె అన్నది న్యాయమే. ఆఫీసరు విసుక్కున్నాడు. ఆ అమ్మాయి మాత్రం, వానలు పడి తీగలు ఆకు వేశాక ఆ ఇంటివాళ్ళనే వెంటబెట్టుకుని వాలంతా నడుస్తామని, అప్పటిదాకా దాన్ని పక్కన పెడతామని చెప్పింది. పక్కన పెట్టడమంటే వదిలేయడం కాదు. నాకు తెలుసు.

ఆ కబురు ఇంకొకరి నోటి నుంచి నేస్తానికి చేరకూడదని, అక్కడి నుంచి నేరుగా జీడిపిక్కల షెడ్డుకు నడిచాను. అన్నాల వేళ. ఆడవాళ్ళంతా రేకుల చూరు కింద కూర్చుని క్యారేజీలు విప్పుతున్నారు. నేస్తం నన్ను చూసి జరిగి చోటు ఇచ్చింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఎవరు అన్నారో, ఎందుకు అన్నారో, ఆ రోజు ఎక్కడికి వెళ్ళానో, ఏ తీగ మీద కాలు పెట్టానో. ఏదీ మెత్తగా చెప్పలేదు. మధ్యలో ఆమె ముద్ద కలపడం ఆపింది.

"మా అత్తని మోసుకురమ్మన్నది దానికేనా?" అంది.

"దానికే."

"మరి అది పోయేదాకా ఆ బోజనం గురించే సెప్పుకున్నాది. కొండంతా సెప్పుకున్నాది. నన్ను కూడా మనిషని పిలిసినారని."

అంతే అంది. తిట్టలేదు. కలిపిన అన్నం తినలేదు. క్యారేజీ మూత పెట్టి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. నేను బయటే నిలబడ్డాను. పిక్కలు కొట్టే చప్పుడు మళ్ళీ మొదలైంది. వాటిలో ఏ దెబ్బ ఆమెదో నాకు తెలియలేదు. సాయంత్రం షెడ్డు వదిలినప్పుడు అందరితో పాటు బయటికి వచ్చింది. నన్ను చూసింది. చూసి, వాళ్ళతో పాటే ఆటో ఎక్కింది.

ఆమె మళ్ళీ మా గడప తొక్కుతుందో లేదో నాకు తెలియదు. నేను ఎదురు చూడకూడదు. క్షమించమని అడగలేదు, మిమ్మల్నీ అడగను. ఆ వాలు వాళ్ళకు దక్కుతుందా? దక్కితే అది నా మంచితనం కాదు. దక్కకపోతే మాత్రం అందులో నా చెయ్యి ఉంటుంది. మంచి ఉద్దేశంతో దూరం నుంచి వచ్చి మనల్ని అడిగేవాళ్ళకు మన కళ్ళే కళ్ళు. నేను వాళ్ళ కళ్ళకు గంతలు కట్టాను. ఒక్కటే చెప్పగలను. ఆ రోజు షెడ్డు దగ్గర నుంచి ఇంటికి వస్తుంటే ఊపిరి అడుగుదాకా దిగింది. చాలా ఏళ్ళ తరువాత దిగింది. అది సుఖం కాదు. దాచడానికి ఏమీ మిగలకపోవడం, అంతే.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ పొయ్యి ఆరకూడదు, మీ గాదె అడుగు కనిపించకూడదు, మీ పిల్లలు నిండు కడుపుతో నిద్రపోవాలి. మీ ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేసరికి, వాళ్ళది వాళ్ళకు ఉన్నదున్నట్టు ఉండాలి.